సరి నంబర్ల ఆదివారం

"తొయ్యండి పంతెలీగారూ, ఇంకొంచెం!"

అవ్రామ్ కార్లో కూర్చుని స్టీరింగ్ తిప్పుతున్నాడు. పంతెలీ వెనకనుంచి తోస్తున్నాడు. పెట్రోలు బంకు ముందు లైను ఒక కారంత జరిగింది. వీళ్ళూ అంతే జరిగారు.

ఆ రోజుల్లో రుమేనియాలోని పితెష్టి ఊళ్ళో పెట్రోలు లైన్లో ఎవరూ కారు స్టార్ట్ చేసేవారు కాదు. నెలకి ఇరవై లీటర్ల కోటా. దాన్ని లైన్లోనే తగలేసుకునే వెర్రివాడెవడు? ఎవరి కారు వాళ్ళు తోసుకోవడమే. శనివారం పొద్దున్న మొదలుపెడితే ఆదివారం మధ్యాహ్నానికి బంకు కనిపించేది. ఆసారి లైను తోక వీళ్ళుండే ఫ్లాట్ల బ్లాకు గేటు దాకా వచ్చింది.

పంతెలీ తోస్తున్నది తన కారు కాదు. తనకీ ఉందొకటి, కొత్త డాచియా 1310. కానీ దాని కోటా అయిపోయింది. పైగా బేసి నంబరు. ఆదివారాలు ఒక వారం సరి నంబర్లు, ఒక వారం బేసి నంబర్లు మాత్రమే రోడ్డెక్కాలని సర్కారు రూలు. ఈ ఆదివారం సరి నంబర్లది. ఈ ఆదివారమే నాలుగింటికి, యాభై కిలోమీటర్ల అవతల కింపులుంగ్‌లో పంతెలీ ఒక్కగానొక్క కూతురి పెళ్ళి.

"నాది సరి నంబరు. కోటా ముట్టుకోలేదు. బంకు దాకా తోసిపెడితే తీసుకెళ్తా," అని అవ్రామే వచ్చి చెప్పాడు. పంతెలీకి ప్రాణం లేచొచ్చింది. పెళ్ళాం, కూతురు శుక్రవారమే బస్సులో వెళ్ళిపోయారు. తను మాత్రం కార్లోంచి దిగుతానని వియ్యంకుల దగ్గర కోతలు కోసి ఉన్నాడు.

అవ్రామ్ పిలవకుండానే ఎందుకొచ్చాడని పంతెలీ ఆలోచించలేదు. చేసినవాడు మర్చిపోతాడు. పడ్డవాడు మర్చిపోడు.

ఏడేళ్ళ కిందట పంతెలీ కార్లు కేటాయించే ఆఫీసులో గుమాస్తా. అవ్రామ్ ఆరేళ్ళు ఎదురుచూస్తే జాబితాలో పేరు పైకొచ్చింది. ఆ కారు కాస్తా పంతెలీ తన బావమరిదికి ఇచ్చేశాడు. "నీ కాగితాలు కనబళ్ళేదయ్యా. మళ్ళీ చివర్నించి రా," అన్నాడు, ఎవరో లంచంగా ముట్టజెప్పిన, బజార్లో దొరకని అసలు కాఫీ తాగుతూ. కాళ్ళు పడిపోయిన అవ్రామ్ తల్లి, కొడుకు కార్లో వెళ్ళి చెల్లెల్ని చూడాలని ఆ ఆరేళ్ళూ ఆశపడింది. ఆ చలికాలమే పోయింది. శవపేటికని క్యాబేజీల లారీలో తీసుకెళ్ళారు. ఆ కుళ్ళు వాసన అవ్రామ్ ముక్కుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

తర్వాత ఎవరో పాతది అమ్ముతుంటే ఆవపిండి రంగు డాచియా 1300 ఒకటి సంపాదించాడు. అది ఏడాది పొడుగునా టార్పాలిన్ కిందే ఉండేది. వట్టి పిసినారి అని బ్లాకులో అందరూ నవ్వారు. నవ్వుకోనీ అని ఊరుకున్నాడు.

"ఏం కారయ్యా నీది! దూదిపింజెలా కదులుతోంది," అన్నాడు పంతెలీ చెమట తుడుచుకుంటూ.

"మీకు తెలియని కార్లా!"

ఆ ఒక్కమాట చాలు, పంతెలీ రెచ్చిపోవడానికి. ముందున్న పాత కారు వైపు వేలు చూపించాడు.

"అదిగో, అది 1100. అరవై ఎనిమిదిలో మొదలైంది. ఇంజను వెనకుంటుంది, తోసేవాడి నడ్డి విరుగుతుంది. ఏడాది తిరిగేసరికి నీ 1300 వచ్చింది. ఫ్రాన్సువాళ్ళ నమూనా. ఇంజను ముందుకొచ్చింది. ఇప్పుడు నా 1310. నా చేతులమీదుగా ఎన్ని వెళ్ళాయనుకున్నావ్ తమ్ముడూ!"

నాదొక్కటి తప్ప, అనుకున్నాడు అవ్రామ్. పళ్ళు బిగించి, "అవునండీ," అన్నాడు.

1100 తోసుకుంటున్న లావుపాటాయన వెనక్కి తిరిగాడు. "ఇదిగో పెద్దమనిషీ! పెట్రోలు పడగానే నిన్నిక్కడే ఒదిలేసి తుర్రుమంటాడు, చూసుకో!"

పంతెలీ మొహం పాలిపోయింది.

అవ్రామ్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "చచ్చిపోయిన మా అమ్మమీద ఒట్టు. మిమ్మల్ని ఒదిలి ఈ కారు అంగుళం కూడా కదల్దు."

పంతెలీ కుదుటపడ్డాడు. రెట్టింపు ఉషారుగా తోశాడు. రాత్రి కార్లోనే చెరోవైపూ ఒరిగారు. అవ్రామ్ రొట్టె, సలామీ పెట్టాడు, త్సుయికా సారా సీసా కూడా అందించాడు. పొద్దున్నే మళ్ళీ తోపుడు. బంకు ముందర ఎత్తు. పంతెలీ చేతులు బొబ్బలెక్కాయి. అద్దంలో ఆ చేతుల్ని చూస్తుంటే అవ్రామ్‌కి ఆకలి కూడా వెయ్యలేదు.

పన్నెండింటికి కింపులుంగ్ బస్సు వాళ్ళ పక్కనుంచే వచ్చింది. ఆ రోజుకి అదే ఆఖరిది.

"ఎక్కుతారా? ఆపమంటాను," అన్నాడు అవ్రామ్. ఆ జవాబు తన చెవులతో తను వినాలి.

"ఆ బస్సా? కోళ్ళబుట్టల మధ్య ఇరుక్కుని వెళ్ళి వియ్యంకుల ముందు దిగమంటావా? నీ కారుండగా నాకేం ఖర్మ!"

బస్సు మలుపు తిరిగేదాకా అవ్రామ్ దాన్నే చూశాడు. ఏడేళ్ళలో మొదటిసారి కడుపు చల్లబడింది.

ఒంటిగంటన్నరకి వీళ్ళ వంతు వచ్చింది. ట్యాంకులో ఇరవై లీటర్లు పడ్డాయి. పంతెలీ బంకు వెనక్కి వెళ్ళి సూటు వేసుకొచ్చాడు. జుట్టు దువ్వుకుని, లిల్లీపూల గుత్తి పట్టుకుని, ముందు సీట్లో దర్జాగా కూర్చున్నాడు. వెనక కార్లవాళ్ళు హారన్లు కొడుతున్నారు.

"పోనీ తమ్ముడూ. నాలుగింటికల్లా పిల్ల చెయ్యి పట్టుకుని చర్చిలోకి నడిపించాలి."

అవ్రామ్ స్టీరింగ్ వదిలేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కార్ల గురించి మీకు తెలియంది లేదుగా పంతెలీగారూ. ఒక్కసారి దిగి బానెట్ ఎత్తి చూడండి."

"ఇప్పుడేంటయ్యా?" అని గొణుక్కుంటూ పంతెలీ దిగి, పూలగుత్తి చంకలో పెట్టుకుని బానెట్ ఎత్తాడు.

ఇంజను ఉండాల్సిన చోటు ఖాళీ. అందులోంచి కింద నేలమీది నూనె మరక కనిపించింది.