కొండ మీది కొమ్మ

చెల్లెలు ఆరిన బట్టలు మడతపెడుతోంది. అన్న చొక్కాలు రెండుసార్లు ఉతికినా డీజిలు వాసన, చేపల వాసన వదలవు. ఒక చొక్కా తీయడం, మడత తప్పడం, మళ్ళీ విప్పడం. అరగంటకి నాలుగు చొక్కాలే అయ్యాయి.

"వాటిలో కూడా పగడాలు వెతుకుతున్నావా ఏంటి?" అంది వదిన వంటింట్లోంచి.

చెల్లెలు నవ్వలేదు.

పగడాలను గుర్తుపట్టి, ఏది ఏ జాతిదో తేల్చడం ఆమె ఉద్యోగం. మూడు నెలల కిందట ల్యాబు గుమ్మంలో ఎవరో ఒక బకెట్టు పెట్టి వెళ్ళారు. అందులో ఐసుముక్కల మధ్య ఒక తెల్లటి పగడపు కొమ్మ. బకెట్టుకి అంటించిన చీటీ మీద పేరు లేదు, అచ్చు వేసిన అంకెలు మాత్రమే. అవి సముద్రం అడుగున లేచిన ఒక కొండ ఆచూకీ.

ఆ కొండ చుట్టూ చేపలు గుంపులు గుంపులుగా తిరుగుతాయి. అన్న బోటు బతికేది దాని మీదే. నాన్న పోయాక అన్న ఎనిమిదో తరగతి మానేసి వల పట్టాడు. చెల్లెలిని మాత్రం చదువు మాననివ్వలేదు.

కొమ్మ ఎక్కడా లేని కొత్త జాతిదైతే ఆ కొండ మీద వలలు ఆపేస్తామని సర్కారు వేసిన చేపల వేట కమిటీ ముందే చెప్పింది. పాత జాతిదైతే అడ్డు లేదు. తేల్చాల్సింది ఆమె ఒక్కతే.

గోరంత ముక్క కోసి బ్లీచింగ్ నీళ్ళలో వేసింది. మెత్తని కండ కరిగిపోయి కంటికి ఆనని ముళ్ళు మిగిలాయి. పగడాన్ని పట్టిచ్చేవి ఆ ముళ్ళే. మైక్రోస్కోపు కింద అవి రెండు చివర్లా మొగ్గ తొడిగినట్టున్నాయి. పుస్తకాలన్నీ తిరగేసింది. సీసాల్లోని పాత నమూనాలన్నీ పక్కన పెట్టి చూసింది. అలాంటి ముళ్ళు ఎక్కడా లేవు.

నిన్న రిపోర్టు ఇచ్చేసింది. అప్పట్నుంచి అన్న ముఖం చూడలేకపోతోంది.

వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. "ఏం రాశావే? మా నోటి దగ్గర కూడు లాగేశావా?"

"రేపు కమిటీ చెప్తుంది వదినా. అప్పటిదాకా నేను చెప్పకూడదు."

"అబ్బో! జడేసి బడికి పంపిన దాన్ని. నా దగ్గరే ఆఫీసు రూల్సా!"

అప్పుడే అన్న లోపలికొచ్చాడు. "దాన్ని వదిలెయ్. నువ్వెళ్ళి టీ పెట్టు," అన్నాడు భార్యతో. ఆమె గొణుక్కుంటూ వెళ్ళింది.

అన్న స్టూలు లాక్కుని చెల్లెలి ముందు కూర్చున్నాడు.

"నిన్నట్నుంచి నన్ను చూసి తప్పుకు తిరుగుతున్నావు. ఏంటమ్మా?"

"తప్పు చేశాను అన్నయ్యా." ఆమె కళ్ళు తుడుచుకుంది.

"తప్పేముంది? ఉన్నది ఉన్నట్టు రాశావు. నా బోటు ఆగిపోతుందనేగా ఈ ఏడుపు?" అన్న నవ్వాడు. "ఆ బకెట్టు మీ గుమ్మంలో పెట్టింది నేనే, పిచ్చిదానా."

ఆమె చేతిలోని చొక్కా జారిపోయింది.

"నా ఎత్తు పగడపు చెట్టు వలలో వచ్చింది. కొమ్మల నిండా చేప గుడ్ల సంచులు. డెక్కు మీద పడేసరికి ముక్కముక్కలైపోయింది. ఇవి ఏడాదికి వెంట్రుకంతే లావెక్కుతాయని నువ్వే కదా చెప్పావు? ఎన్ని వందల ఏళ్ళదో! ఇన్నాళ్ళూ ఇలాంటివి ఎన్ని విరిచానో! ఆ రోజు నుంచి కంటి మీద కునుకు లేదు. నేనొక్కణ్ణి మానేస్తే మిగతా బోట్లు ఆగవుగా. నేను తెచ్చానంటే అన్నాచెల్లెళ్ళ నాటకం అంటారు, నీ మాట ఎవరూ నమ్మరు. అందుకే నీకూ చెప్పలేదు."

"మరి బోటు?"

"అమ్మేస్తాను. రేవులో క్రేను నడపడానికి రమ్మన్నారు. మీ వదిన నాలుగు రోజులు సణుగుతుంది, అంతే. ఏదీ, రిపోర్టు చూపించు. నా చెల్లెలు రాసింది నేను చదవాలి."

ఆమె కింద పడ్డ చొక్కా తీసి మళ్ళీ మడతపెట్టింది. అన్న చాచిన చెయ్యి అలాగే ఉంది. చివరికి బ్యాగులోంచి నకలు తీసి ఇచ్చింది.

అన్న వరసల కింద వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు.

"కొత్త జాతి కాదు, ఎన్నో చోట్ల దొరికే పాత జాతే" అని చెల్లెలి సంతకానికి పైన ఉన్న ఆఖరి వాక్యాన్ని రెండుసార్లు చదివి, కాగితం బల్ల మీద పెట్టి, అన్న గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.