లైవ్‌లోకి వచ్చిన మదాం

పాట మొదలవుతుండగా ఫోను తెర మీద ఆ పేరు కనబడింది.

"మదాం ఓదెత్ చేరారు."



పేరు పక్కనే ఫొటో. దువ్వి నిలబెట్టిన తెల్లజుట్టు, మెడలో ముత్యాలు. ఇథియోపియా మొహం కాదు. అచ్చమైన బీరూట్ మదాం, పనిపిల్లల్ని పెట్టుకునే ఇంటి యజమానురాలు.

జెనెబు గబుక్కున కెమెరాను గోడవైపు తిప్పేసింది.

బీరూట్ శివారు దౌరాలో టైర్ల కొట్టు పైనున్న గదిలో ఆదివారం ఆరాధన జరుగుతుంది. గదికి వచ్చేది కొందరే. అసలు సంఘమంతా ఫోనుల్లోనే ఉంది.

ఆదివారం కూడా గడప దాటనివ్వని ఇళ్ళలో పనిచేసే ఇథియోపియా ఆడపిల్లలు వాళ్ళు. తలగుడ్డ కింద ఇయర్‌ఫోను దాచుకుని, గిన్నెలు తోముతూ వాక్యం వింటారు. బాత్రూంలో తలుపేసుకుని "ఆమెన్" అని కామెంటు పెడతారు. ఒకళ్ళకి జ్వరమని తెలిస్తే, ఎన్నడూ మొహం చూడనివాళ్ళంతా ఆ పిల్ల కోసం ప్రార్థిస్తారు.

ఆ లైవ్ మొదలుపెట్టింది జెనెబే. ఎవరికి ఏమైనా పూచీ తనదే.

అలాంటి చోటికి ఒక మదాం వచ్చింది.

"నాకోసమే," అంది వెనకనుంచి ఫాంతాయె.

పనిచేసే ఇంట్లోంచి పారిపోయి వచ్చిన మనిషి ఫాంతాయె. పాస్‌పోర్టు ఇంకా ఆ ఇంటి బీరువాలోనే ఉంది. దొరికితే జైలు, ఆ తర్వాత విమానం.

"ఊరుకోవే. పొరపాటున వచ్చుంటుంది."

"మదాములు పొరపాటున మన దగ్గరికి వస్తారా? నువ్వు మరీ చెబుతావు!"

పై ఆదివారమూ వచ్చింది. ఆ పై ఆదివారమూ వచ్చింది.

ఆవిడ ఒక్క మాట రాయలేదు. ఆరాధన ముగిసేదాకా కదల్లేదు. జెనెబు కెమెరాను మళ్ళీ గదివైపు తిప్పినా, మొహాలు పోల్చుకోలేనంత దూరంలో పెట్టింది.

మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడైనా సరే, జెనెబు పాట మధ్యలో ఆగి తలుపువైపు చూడటం మొదలుపెట్టింది.

ఒక ఆదివారం అరబ్బీలో కామెంటు పడింది.

"కెమెరా దగ్గరగా పెట్టండి. మొహాలు కనబడటం లేదు."

ఫాంతాయె తలగుడ్డ మొహం మీదికి లాక్కుంది.

"చూశావా? మొహాలు కావాలట దానికి!"

జెనెబు అరబ్బీలోనే రాసింది. "మీరెవరు?"

"ముసలిదాన్ని. వినకూడదా?"

"మా భాష వచ్చా?"

"ఒక్క ముక్క రాదు."

ఒక్క ముక్క రాని మనిషి ఇంతసేపు కూర్చుని ఏం వింటోంది?

ఆలోచన తెగకముందే ఇంకో కామెంటు.

"మీ చర్చి ఏ వీధిలో?"

గదిలో పాట ఆగిపోయింది. ఎవరో వెళ్ళి తలుపు గడియపెట్టారు.

"ఇంకా చూస్తావేంటే?" ఫాంతాయె గొంతు చీరుకుపోయింది. "పోలీసులు మెట్లెక్కాక తీసేస్తావా?"

"నిజంగానే ముసలావిడేమో..."

"అయితే ముసలి గద్ద!"

జెనెబు కళ్ళు మూసుకుని బ్లాక్ నొక్కేసింది.

ఆ సాయంత్రమే ముత్యాల ఫొటోను సంఘం గ్రూపులో పెట్టింది. 'ఈ మొహం గుర్తుపెట్టుకోండి. మన అడ్రసు కోసం తిరుగుతోంది. జాగ్రత్త' అని రాసింది.

దండాలు, కన్నీళ్ళ బొమ్మలు వరస కట్టాయి. "నువ్వు లేకపోతే మా గతేంటక్కా" అని రాసిందొకతె.

పై ఆదివారం జెనెబు గుండెనిండా గాలి పీల్చుకుని పాడింది.

చలికాలం వచ్చింది. ఒక ఆదివారం నల్ల శాలువా కప్పుకున్న పిల్ల ఒకతె తలుపు దగ్గర నిలబడింది. లోపలికి రాకుండా ఒక్కొక్కరి మొహమే చూస్తోంది.

ఆరాధన అయ్యాక జెనెబు ఆమె చేతికి కాఫీ ఇచ్చింది.

"నీ పేరేంటి చెల్లీ?"

"మెస్కెరెం. మీరంతా నాకు తెలుసు. నువ్వు జెనెబక్కవి. ఆవిడ ఫాంతాయక్క. లైవ్‌లో చూసేదాన్ని."

"ఏ పేరుతో? ఎప్పుడూ ఆమెన్ అనైనా పెట్టలేదే!"

"నాకు ఫోనెక్కడిదక్కా? నేను పనిచేసే ఇంటాయన, మిస్టర్, లాక్కున్నాడు. తేతా ఫోనులో చూసేదాన్ని."

"తేతా ఎవరు?"

"మిస్టర్ వాళ్ళమ్మ. ఇక్కడందరూ నాయనమ్మని అలాగే పిలుస్తారుగా. ఆదివారం కాళ్ళు పట్టమని నన్ను గదిలోకి పిలిచి తలుపేసేది. ఫోను దిండుకి ఆనించి పెట్టేది. నేను మిమ్మల్ని చూస్తుంటే తను నా మొహం చూస్తూ కూర్చునేది. కొడుకు అడుగులు వినబడితే దగ్గేది."

జెనెబు చేతిలో కాఫీ జగ్గు ఆగిపోయింది.

"ఆవిడ పేరు?"

"ఓదెత్."

ఫాంతాయె తల వంచుకుంది.

"నేను కళ్ళు చికిలించి చూస్తున్నానని, కెమెరా దగ్గర పెట్టమని మీకు రాసింది కూడా. కొడుకు ఊళ్ళో లేని ఆదివారం చూసి నన్ను టాక్సీలో ఇక్కడికి పంపాలని వీధి అడిగింది."

"ఇప్పుడు... ఎలా ఉన్నారు?"

"పోయిందక్కా. నన్ను ఇంకో ఇంటికి పంపారు. ఈ కొత్త మదాం ఆదివారం బయటికి వదిలింది. మన ఇంజెరా రొట్టెలు అమ్మే కొట్లో దారి అడిగి వచ్చాను."

"మెస్కెరెం, ఆ లైవ్ ఆగిపోయింది... మేమే..." జెనెబు కాఫీ జగ్గు కింద పెట్టేసింది.

"ఏమైందోనక్కా, ఒక ఆదివారం ఉన్నట్టుండి మీరంతా మాయమైపోయారు," అంది మెస్కెరెం శాలువా అంచుతో కళ్ళు తుడుచుకుంటూ. "'నా పాడు వేళ్ళు, ఏదో తప్పు నొక్కి నీ చర్చిని పోగొట్టేశాను, నన్ను క్షమించవే పిల్లా' అని పాపం తేతా పోయేదాకా నన్ను బతిమాలుతూనే ఉంది."