పాత జె

"ఇది అక్షరమా, కాదా? ఒక్క ముక్కలో చెప్పు తాతా!"

మియాటా ల్యాప్‌టాప్‌ను కియాజోలు తాత ముందుకు జరిపింది. తెరమీద ఆయన మేనమామ నోటుపుస్తకంలోని పుట ఫోటో ఉంది. తమ వాయ్ జాతి లిపి అక్షరాలన్నీ ఆకుపసరు సిరాతో సన్నగా ఉన్నాయి. అట్టడుగున ఒక్కటి మాత్రం లావుగా, నల్లగా, వంకరగా ఉంది. పొద్దుటినుంచీ పాత అక్షరాలన్నీ టకటకా చెప్పిన తాత, దీని దగ్గరే ఆగిపోయాడు.

"ఎక్కడో చూశాను," అన్నాడు కోలాకాయ కొరుకుతూ.

"చూడకేం? పుస్తకం నీ పెట్టెలోదే కదా బావా!" గడపలో వల బాగుచేసుకుంటున్న బోకాయ్ నవ్వాడు. "అమ్మాయ్, ఈయన్నా నమ్ముకున్నావు? మా చెల్లి జెబ్బే ఆ పొయ్యి దగ్గర కూర్చుని, నా పేరెలా రాస్తారో చూపించవయ్యా అని బతికినన్నాళ్ళూ బతిమాలింది. ఆడవాళ్ళకెందుకన్నాడు. అది పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు ఈయనే మర్చిపోయాడు!"

తాత తెరను ఇంకాస్త దగ్గరకు లాక్కున్నాడు.

మియాటాకు కంగారుగా ఉంది. చీకటి పడేలోగా అక్షరాల పట్టిక పంపాలి. అది చేరితేనే ఈ పాత అక్షరాలకు ఫోన్లలో, కంప్యూటర్లలో చోటు. ఒక్క తప్పు కూడా పోనివ్వనని మన్రోవియాలో పెద్దలందరి ముందూ మాటిచ్చి వచ్చింది.

"తెలియకపోతే తీసేస్తాను తాతా. తప్పుది చేరిందంటే నా పరువు పోతుంది. ఒకసారి చేరాక ఇంకెవరూ తీయలేరు."

"ఎవరూ?"

"ఎవరూ."

"మనందరం పోయాక కూడానా?"

"అప్పుడు కూడా. అందుకే కదా ఈ పీకులాట!"

ఎంత జాగ్రత్త మనిషి అనుకుంది మియాటా. తాత తెరమీద ఆ గీత వెంట వేలు మెల్లగా నడిపాడు. తర్వాత వేలికొన చూసుకున్నాడు, మసి అంటిందేమోనన్నట్టు. ఆమెకేమీ అర్థం కాలేదు.

"అక్షరమే," అన్నాడు.

"ఏమని పలకాలి?"

"జె."

"జె నాలుగో వరసలో ఉందిగా! నువ్వే చెప్పావు."

"ఇది పాత జె."

"మరి ఇంకే పుస్తకంలోనూ లేదేం?"

"ఒక్క ఇంట్లోనే రాసేవారు."

మియాటా తల గోక్కుంది. అంతా అయోమయం. కానీ కియాజోలు తాత అక్షరం విషయంలో అబద్ధమాడాడని ఈ సరస్సు చుట్టుపక్కల ఎవరూ అనగా వినలేదు. 'పాత జె' అని చేర్చింది. సిగ్నల్ కోసం బొప్పాయి చెట్టు దాకా వెళ్ళి, పట్టిక పంపేసి, గెంతుతూ వచ్చింది.

"వెళ్ళిపోయింది తాతా! ఇక మన చేతుల్లో లేదు. ఇంతకీ మీ మేనమామ అదొక్కటీ ఏ సిరాతో రాశాడు?"

తాత చల్లారిన పొయ్యివైపు చూశాడు.

"అది మా జెబ్బే బొగ్గుతో గీసుకుంది."