ఫిల్టరుకు కట్టిన దారం

బానెట్ ఎత్తి చూస్తే, ఆయిల్ ఫిల్టరుకు నేను కట్టిన ఎర్ర దారం తెగకుండా అలాగే ఉంది. దొరికాడు దొంగ!

ఇరవై ఏళ్లు నా అంబాసిడర్‌ను నేనే విప్పి, నేనే బిగించుకున్నాను. మా ఆవిడ పోరు పడలేక మొదటిసారి ఆదోనిలో కంపెనీ సర్వీసుకు ఇచ్చాను. ఇచ్చేముందు, ఫిల్టరు విప్పితే తెగేలా ఆ దారం కట్టాను.

"ఫిల్టరు ముట్టనే ముట్టకుండా మార్చినామంటారేమప్పా!" అని షెడ్డు అదిరేలా అరిచాను. మేనేజరు పరుగెత్తుకొచ్చి, మెకానిక్ యూనుస్‌తో "రేపట్నుంచి పనికి రావాకు" అన్నాడు.

యూనుస్ చేతులు జోడించాడు. "మార్చినానన్నా! దర్గా దారమనుకుంటి. తెంపితే పాపమని, పంటితో ముడి విప్పి, పని అయినంక మళ్లీ కట్టినా."

ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూశాను. కొత్త ఆయిల్ తేనెలా మెరిసింది.

"తప్పు నాదే సార్. అది దర్గా దారమే" అని గొణిగాను. యూనుస్ ఉద్యోగం దక్కింది.

కారెక్కి కూర్చోగానే యూనుస్ కిటికీ దగ్గరికొచ్చాడు. "ఏ దర్గాదన్నా అది? మా పాపకు నెల దినాలుగా జ్వరం ఇడిసిపెట్టలేదు. ఒకటి కట్టించుకొస్తా."

కారు చక్కగా స్టార్టయింది. నేనే కదల్లేకపోయాను.