నాలుగో అర్హత

“ఇవాళ నువ్వు విమానం ఎక్కడానికి వీల్లేదు,” అంటూ తల్లి ఫ్లయింగ్ క్లబ్బు గేటు దగ్గర కూతురి సంచి పట్టుకుని ఆపింది.

కూతురు సంచిని ఆవిడ చేతిలోనే వదిలేసి లోపలికి నడిచింది. తల్లి వెనకాలే వెళ్లింది.

ఆవిడ లెక్క ఆవిడది. పిల్లకి పైలట్ లైసెన్సు వచ్చిన రోజున ఇంతటితో అయిపోయిందనుకుంది. అవలేదు. దానిమీద ఒక్కో అర్హత చేరుతున్నకొద్దీ ఆవిడకి ఒక్కో గండం చేరుతూ వచ్చింది. రాత్రిపూట నడిపే అర్హత వచ్చిందంటే ఇక చీకట్లో తిరుగుతుంది. బయటేమీ కనపడకపోయినా మీటర్లు చూసుకుని నడిపే అర్హత వచ్చిందంటే నేరుగా మబ్బుల్లోకి దూరుతుంది. రెండింజన్లది వచ్చిందంటే, చెడిపోవడానికి ఇంకో ఇంజను దొరికినట్టు. మొన్న నాలుగోది కూడా వచ్చింది. అదేమిటని అడిగితే, చెబితే నీకు నిద్ర పట్టదమ్మా అని నవ్వేసింది. దానితో మొదటిసారి ఎగరడం ఇవాళే.

షెడ్డు ముందు చిన్న విమానం నిలబడి ఉంది. కూతురు రెక్క కింద గొంతుక్కూర్చుని, ట్యాంకులోంచి కాస్త పెట్రోలు గాజు గొట్టంలోకి వంపి, నీళ్లేమైనా కలిశాయేమోనని వెలుతురుకి పెట్టి చూస్తోంది. పక్కనే ఇస్త్రీ చొక్కా వేసుకున్న నెరిసిన జుట్టాయన చేతులు వెనక్కి కట్టుకుని, ఆమె చేసే ప్రతి పనినీ కళ్లార్పకుండా గమనిస్తున్నాడు.

తల్లి ప్రాణం కాస్త కుదుటపడింది. ఆయన్ని పక్కకి పిలిచింది. పిల్లకి దూకుడెక్కువనీ, స్కూటరు మీంచే రెండుసార్లు పడిందనీ, అది తప్ప తనకింకెవరూ లేరనీ చెప్పుకుంది. ఆయన మధ్యలో ఏదో అనబోయాడు.

“మీకు తెలియదని కాదండీ, కన్నదాన్ని కదా. ఒక్క మాటివ్వండి. కిందికి దించేదాకా మీరు చెయ్యి తియ్యకండి.”

ఆయన నుదుటి చెమట తుడుచుకున్నాడు. “పట్టుకున్నది వదలనమ్మా,” అన్నాడు.

విమానం లేచింది. తల్లి షెడ్డు గోడకి ఆనుకుని, సంచిని గుండెకి అదుముకుని చూస్తూ నిలబడింది. మైదానం మీద బాగా ఎత్తుకి వెళ్లాక, ఉన్నట్టుండి ఒక రెక్క వాలింది. వెంటనే రెండోది వాలింది. ముక్కు కిందికి దిగడం మొదలుపెట్టింది. ఆవిడ మనసులో అప్పటికే అంబులెన్సు వచ్చేసింది, చుట్టాలకి ఫోన్లు కూడా వెళ్లిపోయాయి. అంతలో ఎవరో గట్టిగా పట్టి నిలబెట్టినట్టు విమానం సర్దుకుంది. ఆ తర్వాత తిన్నగా వచ్చి, నిద్రపోతున్న పసిపిల్లని పక్కమీద దించినంత మెల్లగా నేలమీద వాలింది.

ముందుగా ఆయన దిగాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. తల్లి పరుగున వెళ్లి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

“నా బిడ్డని కాపాడారు. అది అంతలా ఊపేసినా, అనుభవమున్నవారు కాబట్టి మీరు పట్టుకున్నారు. ఇవాళ మీరే లేకపోతే దాని గతేమయ్యేది?”

ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు.

“ఊపేసింది నేనమ్మా. నాకివాళే మొదటి పాఠం. పట్టుకున్నది మా టీచరు, మీ అమ్మాయి.”