కొలతల రోజు

పాత ఇళ్ల రక్షణ చట్టం ప్రకారం, కొలతల రోజున ఏ వస్తువు ఎక్కడుంటే ఇక ఎప్పటికీ అక్కడే ఉండాలి. చెంబు జరిగినా గోడ హెచ్చరిస్తుంది. వినకపోతే ఇల్లు సర్కారు పరమవుతుంది.

ఆ రోజు తమ మండువా ఇంటికి అధికారులు వస్తున్నారని, మందుల వాసనకు సిగ్గుపడి, సుభాషిణి లేవలేని అత్తగారిని మంచంతో సహా పెరటి వసారాలోకి మార్పించింది. మంచానికీ ఆ చట్టం వర్తిస్తుందని తోచక, ఒక్క పూటకే కదా అనుకుంది.

ఇప్పుడు ముసురు పట్టింది. జల్లుకు తడుస్తున్న మంచాన్ని సుభాషిణి లోపలికి లాగబోయింది.

"మంచం వసారాలో ఉండాలి," అంది గోడ మర్యాదగా.

"నోరు మూసుకో," అని కసిరింది సుభాషిణి.

అత్తగారు తడి దుప్పటి మీదికి లాక్కుంది.

"గోడనేం అనకు అమ్మాయ్. ఆవేళ నువ్వన్న మాటే అదీ అంటోంది."