కొస ముడి

“మళ్ళీ ఊడిపోయిందా పిన్నీ?”

వసపిట్ట గుమ్మంలోనే ఆగిపోయింది. చట్రం కింద నేలంతా తెల్లపూసలు. నిన్న సాయంత్రం దాకా మెడ వంచి కుట్టిన తీగా లేదు, ఆకూ లేదు. బిగించిన గుడ్డ మీద సూది దిగిన చిల్లులు మాత్రం మిగిలాయి.

“కనబడుతోందిగా,” అంది పూసల పిన్ని తల తిప్పకుండానే. “కొసన ముడి సరిగ్గా పడలేదు. గొలుసుకుట్టుతో వచ్చిన చిక్కే అది. ఆఖరి ముడి వదులైతే మొదటి పూస దాకా జారిపోతుంది.”

“లాగి చూశాను పిన్నీ. గట్టిగానే ఉంది.”

“ఉన్నట్టే ఉంటుంది. రాత్రికి గుడ్డ సాగుతుంది, అప్పుడు బయటపడుతుంది బండారం.”

వసపిట్ట మూతి ముడుచుకుని నేల మీద చతికిలబడి పూసలు ఏరడం మొదలుపెట్టింది. పట్టుమని నిమిషం మౌనంగా ఉండలేని మనిషి. పిన్ని ఆ పేరు పెట్టింది అందుకే.

“ఎలకలేమో చూడండి పిన్నీ. మీ ఇంటి ఎలకలకి నా కుట్టంటే కక్ష.”

“మా ఇంట్లో ఎలకలు లేవు. మాటలాపి ఏరు.”

అనేశాక పిన్ని మనసు చివుక్కుమంది. ఈ పిల్ల తనకేమీ చుట్టం కాదు. వీధి చివర పుట్టింట్లో ఉంటోంది. మొగుడేమో వేరే ఊళ్ళో ప్రింటింగు ప్రెస్సులో పని చేస్తూ, ఇరుకు గదిలో నలుగురితో సర్దుకుంటున్నాడు. ఆ ఊళ్ళో పెళ్ళిబట్టల షాపాయన, పూసలు కుట్టడం వస్తే ఉద్యోగమిస్తాను, షాపు మీది గది కూడా ఇస్తాను అన్నాడట. అంటే ఈ పని చేతికొస్తే మొగుడూ పెళ్ళాం ఒక గూటికి చేరతారు. లేకపోతే వాళ్ళ కాపురం ఫోన్లోనే.

పెళ్ళిబట్టలకి పూసలు కుట్టడంలో పిన్ని తర్వాతే ఎవరైనా. భర్త పోయాక ఆమెకి తోడు ఆ చట్రమే. వసపిట్ట రాకముందు పాలవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడని రోజులు కూడా ఉండేవి.

“కూర్చో,” అంది పిన్ని మెత్తబడి. “సూది పైన, దారం కింద. దారానికెక్కించిన పూసలు గుడ్డకి అడుగున ఉంటాయి, నీ కంటికి కనబడవు. ఎడమచేతి వేలే నీ కన్ను. పూసని పైకి నెట్టు. గుడ్డకి ఆనిందా?”

“ఆనింది.”

“ఇప్పుడు సూది దించు. సూది మొననున్న కొక్కేనికి దారం చుట్టు. తిప్పు. పైకి లాగు.”

సూది చకచకా నడిచింది, దానితో పాటు నోరూ నడిచింది. మొగుడు ఇస్త్రీ చేయబోయి చొక్కా వీపు కాల్చుకున్నాడట. చలి అని అబద్ధమాడి రోజంతా కోటు విప్పకుండా చెమటలు కక్కాడట. పిన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నవ్వుతూనే గుడ్డ కిందికి చేయి పోనిచ్చి తడిమింది. పూసకీ పూసకీ మధ్య సందు లేదు.

“బాగుందా పిన్నీ?”

“ఫరవాలేదు.”

ఒక్క మంచి మాట అంటే నీ సొమ్మేం పోయిందని తనని తానే తిట్టుకుంది.

సాయంత్రం వసపిట్ట ముడి వేసి, తాను లాగి చూసి, పిన్ని చేత కూడా లాగించింది.

“గట్టిగానే ఉంది,” అంది పిన్ని.

“రేపు ఇది ఇలాగే నిలిస్తే షాపాయనకి ఫోన్ చేసి వస్తానని చెప్పేస్తా. మా ఆయన ఎగిరి గంతేస్తాడు.”

“ముందు తెల్లారనీ.”

తెల్లారింది. పూసలు మళ్ళీ నేల మీదే ఉన్నాయి.

ఈసారి వసపిట్ట ఎలకల ఊసెత్తలేదు. అసలు ఏ మాటా అనలేదు. ఒక్కొక్క పూసా ఏరి డబ్బాలో పోసి మూత పెట్టింది. ఆ మౌనాన్ని పిన్ని భరించలేకపోయింది.

“ఇంకోసారి కుట్టి చూడు.”

“వద్దు పిన్నీ. మీరు లాగినా నిలిచిన ముడి పొద్దుటికి ఊడిందంటే, నా చెయ్యే అలాంటిది. షాపాయనకి రానని చెప్పేస్తాను. బేకరీ కౌంటర్లో మనిషి కావాలన్నారు. ఇవాళే చేరుతున్నా.”

“మరి మీ ఆయన?”

“సెలవు దొరికినప్పుడు వస్తాడు. ఏం చేస్తాం, అలవాటు చేసుకోవాలి.” కళ్ళు తుడుచుకుని పిన్ని చేతులు పట్టుకుంది. “మీరు చెప్పడంలో లోపమేం లేదు. నా బుర్రే అంతంత మాత్రం. విసుక్కోకుండా ఇన్నాళ్ళు కూర్చోబెట్టుకున్నారు.”

“సాయంత్రాలు వస్తూ ఉంటావుగా?”

“కౌంటరు మూసేసరికి ఏ వేళవుతుందో. ఎక్కడ కుదురుతుంది పిన్నీ.”

వసపిట్ట మెట్లు దిగి వీధిలోకి నడిచింది.

“ఒసేయ్, ఆగు,” అని పిన్ని గుమ్మంలోకి పరుగెత్తింది.

ఆ పిల్ల ఆశగా వెనక్కి తిరిగింది. ఇప్పుడైనా చెప్పెయ్యాలి అనుకుంది పిన్ని. చెబితే ఆ పిల్ల ఇంకెప్పుడూ తన ముఖం చూడదేమో.

“గొడుగు మర్చిపోయావు,” అంది.

వసపిట్ట గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. పిన్ని వచ్చి ఖాళీ చట్రం ముందు కూలబడింది. ఆ పిల్ల చేతిలో ఏ లోపమూ లేదు. మొదటి వారంలోనే పని పట్టుబడింది.

ప్రతి సాయంత్రం ఆ ముడి విప్పింది పిన్నే.